రాకూడని పేరు

జీపులో తీసుకొచ్చిన పోలీసాయన ఆమెను మిలిటరీ క్యాంపు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి చాలాసేపయింది. ఎలిశిబా తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి తనది కానట్టే ఉంటుంది, ఎవరో జాగ్రత్త చెయ్యమని ఇచ్చిపోయిన వస్తువులాగా. వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. చలికి గోళ్ళు నల్లబడ్డాయి. ఏళ్ళ తరబడి మెదక్ మిషన్ బడిలో ఒకటో తరగతి పిల్లల వేళ్ళు పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. లోపల ఎవరో కుర్చీ జరిపారు. ఆ చప్పుడుకే ఆమె తలుపు వైపు తిరిగింది. ఆ గోడ అవతల ఏ గదిలోనో తన కొడుకు సొలొమోను ఉన్నాడు, లేదా సొలొమోను అని వీళ్ళు అనుకుంటున్న ఇంకెవరి బిడ్డో ఉన్నాడు. "మీరు మాట్లాడక్కర్లేదమ్మా, ఒక మనిషిని చూపిస్తాం, చూస్తే చాలు" అన్నాడు పోలీసాయన. పేరు జనార్దన్ అట, పోలీసు యాక్షన్ అయ్యాక మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై. చెల్లెలు యేసమ్మ జీపు ఎక్కేటప్పుడే మొత్తుకుంది. "సార్, మా అక్కకు మాట పడిపోయింది. ఏదడిగినా కాదు కాదంటది, లేకుంటె పాట పాడ్తది. గామెతోని మీకేం పని?" అని. ఆయన విసుక్కోలేదు, నవ్వలేదు. "మాట ఎందుకమ్మా, తల్లి మొహం చాలంటున్నాడు మా కెప్టెన్" అన్నాడు. యేసమ్మను గేటు దగ్గరే ఆపేశారు.

తల్లి మొహం. సగం మొహమే కదా ఇప్పుడు తనకున్నది. కుడివైపు పెదవి కిందికి జారి, తాగిన గంజి అటునుంచి కారిపోతుంటే యేసమ్మ కొంగుతో తుడుస్తుంది. ఆ సగాన్ని ఏమీ చెప్పకుండా ఉంచడం కష్టం కాదు, అది తొమ్మిది నెలలుగా ఏమీ చెప్పడం లేదు. కష్టమంతా ఈ ఎడమ సగంతోనే, ఈ కన్నుతో, ఈ చెంపతో, అన్నిటికంటే ఈ గొంతుతో. ఊళ్ళో పదిమందిని పిలిచి అడిగారట. బడి వాళ్ళని, గుడి వాళ్ళని, బజారులో షావుకార్లని. గడ్డం పెరిగిపోయింది, మొహం వాచిపోయింది, గుర్తుపట్టలేమని అందరూ చేతులెత్తేశారట. గుర్తుపట్టే ఉంటారు. గుర్తుపట్టి కూడా అలా అన్నవాళ్ళు ఎవరెవరో తనకు తెలిస్తే బాగుండును, ఎవరికీ ఏమీ చెప్పలేకపోయినా వాళ్ళ ఇళ్ళ ముందు కాసేపు నిలబడి వచ్చేది. పాపన్నపేట దగ్గర మంజీర దాటుతుంటే పట్టుకున్నారట వాణ్ణి. తన పేరు మల్లయ్య అంటున్నాడట, కుల్చారంలో జీతగాణ్ణి అంటున్నాడట. జీతగాడంటే ఎడ్ల వెనక తిరిగేవాడు. సొలొమోను ఎడ్లంటే భయపడేవాడు చిన్నప్పుడు. మల్లయ్యగానే ఉంటే వదిలేస్తారు. సొలొమోను అయితే, నల్లగొండ వైపు కమ్యూనిస్టుల దళంలోకి పోయిన సొలొమోను అయితే, అంతే. ఉరి అంటున్నారు. కోర్టు దాకా కూడా పోనియ్యరంటున్నారు. రజాకార్ల దినాలు పోయాయని గుడి గంట కొట్టుకున్నాం కదా, మిలిటరీ వాళ్ళకు పూలదండలు వేశాం కదా, మళ్ళీ ఈ బెంచీ ఏమిటి, ఈ గోడ ఏమిటి.

మాట పోయిన రోజు ఎండాకాలం. ఒంటిపూట బడి. నల్లబల్ల మీద 'ఊయల' రాస్తోంది, ఊ రాసి య రాస్తుంటే సుద్దముక్క కింద పడింది. వంగి తీద్దామనుకుంది, చెయ్యి వంగలేదు. పిల్లల వైపు తిరిగి "కొంచెం సుద్దముక్క అందియ్యండిరా" అందామనుకుంటే నోట్లోంచి "కాదు" అని వచ్చింది. ఎందుకు కాదు? మళ్ళీ అంది, మళ్ళీ కాదు. పిల్లలు నవ్వారు, టీచరమ్మ ఆట ఆడుతోందనుకున్నారు. ఆ నవ్వు చివరిదాకా స్పష్టంగా వినిపించింది, అది గుర్తుంది, వాళ్ళ పళ్ళు గుర్తున్నాయి, నేల తనవైపు లేచి వచ్చిన సంగతి గుర్తుంది. దవాఖానాలో కళ్ళు తెరిచాక డాక్టర్ లలిత ఆమె పలకే తెప్పించి దాని మీద తలకాయ బొమ్మ గీసింది. మెదడు రెండు చెక్కలుగా ఉంటుందట. ఎడమ చెక్క కుడిచేతిని ఆడిస్తుందట. మాట తయారయ్యే చోటు కూడా అక్కడే, ఎడమ కణతకు లోపల, అరచేతిలో పట్టేంత మేర. అక్కడ నెత్తురు నిలిచిపోయింది. "టీచరమ్మా, మీ మాటలు యేడికి పోలేదు. అన్ని లోపల్నే ఉన్నయి. బైటికొచ్చే తొవ్వ తెగింది, గంతే. మంజీర పొంగితె పాపన్నపేట తొవ్వ తెగుతది, అయినా ఊరు ఊరోలె ఉంటది గద" అంది. లోపల ఉన్న మాట నిజమే. ఎంత ఉందని! ఎవరు ఏమన్నా అర్థమవుతుంది, రాత్రంతా లోపల మాట్లాడుతూనే ఉంటుంది, వాక్యాలకు వాక్యాలు, తప్పు లేకుండా, కామాలతో సహా. పెదవుల దగ్గరికొచ్చేసరికి అన్నీ కలిసి ఒక్క కాదు అయిపోతాయి. నీళ్ళు కావాలి, కాదు. చలేస్తోంది, కాదు. నా కొడుకు జాడ ఏమైనా తెలిసిందా, కాదు.

గుడిలో మొదటి ఆదివారం అందరూ కీర్తన ఎత్తుకుంటే తన గొంతు కూడా లేచింది. నాలుగు చరణాలూ పాడింది, ఒక్క మాట తప్పలేదు. పక్కనున్న ఆడవాళ్ళు స్వస్థత అని ఏడ్చారు. కీర్తన అయిపోయింది, పాదిరిగారు వచ్చి దేవునికి స్తోత్రం చెప్పమ్మా అంటే కాదు అంది. పాపం ఆయన మొహం! తర్వాత లలిత వివరంగా చెప్పింది. పాట అవతలి చెక్కలోంచి వస్తుందట, దానికి వేరే తొవ్వ ఉందట. ఆ మధ్య యేసమ్మ చేతిలోంచి కాగుతున్న పాలగిన్నె జారి కాలి మీద పడితే "అయ్యో దేవా!" అని ఎంత శుభ్రంగా అరిచింది తను! యేసమ్మ కాలు సంగతి మరిచిపోయి, అక్కా మళ్ళొకసారి అను, మళ్ళొకసారి అను అని వెంటపడింది. మళ్ళీ రాలేదు. దానికీ లలిత దగ్గర జవాబు ఉంది. "భయమైనా, కోపమైనా, మస్తు సంతోషమైనా మాట దానంతటదే దుంకుతది, నవ్వు గూడ గంతే. మీరు రమ్మని పిలిస్తె రాదు, వద్దని ఆపితె ఆగదు. మీ చేతుల లేదది." అప్పుడు తను ఏమనుకుంది? మంచిదే అనుకుంది. నా కొడుకు గుమ్మంలో నిలబడిన రోజున, ఎంత కష్టమైన పేరైనా, మూడు ఒత్తులున్న పేరైనా ఎగిరి బయట పడుతుంది అనుకుంది. ఆ ఆశతోనే రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక గోడవైపు తిరిగి నోరు తెరిచేది. పెదవులు ముందుకు పెట్టాలి, నాలుక పళ్ళ వెనక ఆనాలి, ఎంతమంది పిల్లలకు నేర్పింది ఆ సంగతి! సొ. కాదు. సొ. కాదు. పేరు మొత్తం కళ్ళ ముందు ఉంటుంది, దాని వంపులన్నీ కనబడతాయి, నల్లబల్ల మీద తనే రాసినట్టు. నోటికి మాత్రం అందదు. కన్నబిడ్డ పేరు పిలవలేని నోరు దేనికి, గంజి కారడానికి తప్ప.

గాలి అటు తిరిగింది. వంటపాకలోంచి ఉడుకుతున్న పప్పు వాసన, దాని వెనక తడిసిన గోనెసంచుల వాసన. గోనె వాసన తగలగానే మనసు ఎవరినీ అడక్కుండా వర్షంలోకి వెళ్ళిపోయింది. జబ్బు చేశాక ఇదొకటి, మాటలు తగ్గినకొద్దీ వాసనలు ముందుకొచ్చాయి. గోనెసంచిని తలమీద కొప్పెరగా కప్పుకుని వాడు బడినుంచి వచ్చేవాడు, తుడుస్తుంటే ఆముదం రాసిన తలలోంచి తడి గోనె వాసన, కొంచెం బలపం వాసన. ఎన్నేళ్ళు వాడికి అప్పుడు? వాళ్ళ నాన్న పోయిన ఏడాది అది, కాబట్టి ఆరో ఏడో. ఆదివారం మధ్యాహ్నాలు గుడి ఖాళీగా ఉన్నప్పుడు తను పూలు సర్దుతుంటే వాడు రంగు అద్దాల కింద నేల మీద కూర్చునేవాడు. ఎండ అద్దంలోంచి దిగి ఎర్రగా నేల మీద పడేది. అందులో అరచెయ్యి పెట్టి, చెయ్యి ఎర్రబడితే, పిడికిలి బిగించి బయటికి పరుగెత్తేవాడు. మెట్ల మీద తెరిచి చూసుకుంటే ఏమీ ఉండేది కాదు. "అమ్మా, రంగు నా చేతిల ఉన్నదా, నా కండ్ల ఉన్నదా?" అని అడిగాడు ఏడుస్తూ. తను ఏమి చెప్పిందో గుర్తులేదు. పని తొందరలో ఏదో చెప్పి ఉంటుంది. ఇప్పుడడిగితే చెప్పడానికి లలిత దగ్గర నేర్చుకున్నది ఎంతో ఉంది. కంట్లో కూడా లేదు నాన్నా, తల వెనకభాగంలో ఉంది, అక్కడే రంగులన్నీ పుడతాయట, అందుకే నువ్వు లేకపోయినా కళ్ళు మూసుకుంటే నీ ఎర్రటి అరచెయ్యి నాకు కనిపిస్తుంది అని చెప్పేది. వెళ్ళిపోయిన రోజు వాన పడుతోంది. హైదరాబాదు కాలేజీ నుంచి వచ్చి రెండు పూటలు ఉండి, నాలుగు రోజుల్ల వస్త అమ్మా అన్నాడు. నల్లగొండ మాట అనలేదు. తను అడగలేదు. వాడి చొక్కా ఒకటి ఉతక్కుండా దాచింది. మొదట్లో అందులో వాడి వాసన ఉండేది, రాత్రిళ్ళు మొహం దగ్గర పెట్టుకునేది. రోజురోజుకీ వాసన తగ్గిపోతుంటే ఖర్చు చేసేస్తున్నానేమో అనిపించి ఆదివారాలకు మాత్రమే తీసేది. ఇప్పుడు దానిలో గుడ్డ వాసనే ఉంది.

అందుకని ఎంత చూడాలని ఉంది! లోపల ఉన్నది వాడే అయితే బాగుండును, ఒక్కసారి చూడనియ్యి. అంతలోనే, వద్దు, వాడు కాకూడదు, ప్రభువా, వాడిని ఇంకెక్కడో దూరంగా ఉంచు, నాకు కనబడకపోయినా సరే. రెండు ప్రార్థనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి, ఏది ముందు చేరుతుందో. వాడే అయితే? గుమ్మంలోంచి వాణ్ణి తీసుకురాగానే, తొమ్మిది నెలలుగా పిలిచినా రాని పేరు దూకుతుంది. ఆపితే ఆగదంది లలిత. మస్తు సంతోషమైనా, భయమైనా అంది. ఇవాళ రెండూ ఉంటాయి. నా నోరే వాణ్ణి పట్టిస్తుంది. ఎలిశిబా ఎడమచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. అలా పెట్టుకుంటే కెప్టెన్ చూడడా? తీసేసింది. నాలుకను పళ్ళ మధ్య పెట్టి నొక్కింది. రేపటి నుంచి నేను ఇంకెప్పుడూ అడగను, అయ్యో దేవా కూడా వద్దు, పాట కూడా తీసేసుకో, ఈ ఒక్కపూట ఆ తొవ్వ మూసి ఉంచు.

"రండమ్మా" అన్నాడు జనార్దన్.

గదిలో బల్ల, బల్ల వెనక సన్నటి మీసాల కెప్టెన్. చిన్నవాడే. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. అతను బల్ల ముందుకొచ్చి ఆమె మొహానికి ఎదురుగా నిలబడ్డాడు, దీపం దగ్గర పెట్టి చదవడానికి కూర్చున్నవాడిలాగా. పక్క తలుపు తెరుచుకుంది. కాళ్ళు ముందు కనిపించాయి, మట్టిగొట్టుకుని పగిలిన మడమలు, జీతగాడి కాళ్ళే, ఆమె ఊపిరి కొంచెం వదిలింది. తర్వాత మొహం. గడ్డం, మూసుకుపోయిన ఒక కన్ను, పగిలిన పెదవి. ఇవేవీ ఆమె చూడలేదు. చూడటానికి ముందే తెలిసిపోయింది. నుదురుకీ చెవికీ మధ్య ఉన్న దూరమో, మెడ కొంచెం ఎడమకు వంచి నిలబడటమో, ఏదో ఆమె లోపలికి నేరుగా వెళ్ళి కూర్చుంది. వాడు. చిక్కిపోయాడు. వాడి తెరుచుకున్న కన్ను ఆమె మొహం మీద ఆగలేదు, తిన్నగా కుడిచేతి మీదికి వెళ్ళింది, జారిన పెదవి మీదికి వెళ్ళింది, తిరిగి కిందికి దిగింది. ఆశ్చర్యం లేదు ఆ కంట్లో. ముందే తెలుసు వాడికి! ఎవరో చెప్పారు, మీ అమ్మకు మాట పోయిందట అని. అది విని బయల్దేరాడు. నది దాటింది నా కోసం. ఆ మాట అర్థమైన క్షణంలోనే గొంతు కింద ఏదో తెగి, వెచ్చగా, సులువుగా, ఏ అడ్డూ లేకుండా లేచింది.

"మాజీ, ఇస్కో పెహచాన్తీ హో?" అన్నాడు కెప్టెన్.

"ఇతన్ని గుర్తుపట్టారా అమ్మా?" అన్నాడు జనార్దన్.

"సొ..." అంది ఎలిశిబా.

కెప్టెన్ ముందుకు వంగాడు. కొడుకు తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నూ మూసుకున్నాడు. మిగిలిన అక్షరాలు నాలుక మీదికి వచ్చేశాయి, ఆపడం కుదరదు, లలిత చెప్పినట్టే అది ఆమె చేతుల్లో లేదు. మూయలేని నోటిని ఆమె పాటవైపు తిప్పింది. ఎలా తిప్పిందో ఆమెకే తెలియదు. ఒకటో తరగతిలో సొ నేర్పడానికి తనే కట్టిన పాట ఒకటుంది, ఏటేటా కొత్త పిల్లలు వచ్చి పాడిపోయే పాట.

"సొరపాదా సొరపాదా యాడికెక్కినావే, పందిరెక్కి పొద్దు జూసి పూత పూసినానే..."

రాగం పట్టుకుంది. ఇక మాటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వరసగా నడిచి వచ్చాయి, బడి వదిలినప్పుడు పిల్లల్లాగా. పూత, పిందె, కాయ, కాయను మోసుకుపోయే ముసలవ్వ. ఎడమకంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, పాడుతున్నప్పుడు ఎప్పుడూ కారుతాయి, కారనీ. తల ఊపింది, ఎడమచెయ్యి తాళం వేసింది. గుమ్మంలో నిలబడ్డ సిపాయి ఒకడు నోరు మూసుకుని నవ్వాడు. ఆమె కొడుకు వైపు చూడకుండా, గోడకు తగిలించిన తుపాకుల వైపు చూస్తూ చివరిదాకా పాడింది. ఆ పాటలో మొదటి అక్షరం వాడిది. వాడి కోసమే ముందుగా కట్టింది, తర్వాత అందరి పిల్లలకూ ఇచ్చింది. వాడికి తెలుసు. అంతమంది మధ్యలో ఆమె తన కొడుక్కి పాడింది, తొమ్మిది నెలలుగా అనాలనుకున్నదంతా సొరపాదు మీద పెట్టి పాడింది.

"ఈ అవ్వ ఎవరు సార్?" అన్నాడు వాడు బొంగురు గొంతుతో. "నన్నెందుకు గీమెకు చూపెడ్తున్నరు?"

"వాళ్ళ చెల్లెలు చెప్పింది సార్, ఏదడిగినా పాటే అని" అన్నాడు జనార్దన్ హిందీలో కూడబలుక్కుంటూ. కెప్టెన్ ఇంకా కాసేపు ఆమె మొహంలో వెతికాడు. ఏడుస్తూ పాడిన ముసలిదాని మొహంలో, సగం చచ్చిన మొహంలో, ఏది దేనికో అతనికి తెలియలేదు. అలసిపోయినట్టు కుర్చీలో కూర్చున్నాడు. "ఛోడ్ దో. కల్ దూసరోంకే సాథ్ ఇస్కో భీ" అన్నాడు. నైజాం బడిలో ఉర్దూ చదివిన మనిషికి ఆ మాట ఒకరు చెప్పక్కర్లేదు. రేపు మిగతా వాళ్ళతో పాటు వదిలేస్తారు. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. రేపు వదిలేస్తారు, వాడు వెళ్ళిపోవాలి, ఇంటివైపు మాత్రం రాకూడదు, వస్తే వెనకాలే వస్తారు. ఇంత దగ్గరికి వచ్చి, చేతికందేంత దగ్గర నిలబడి, గంజి అయినా తాగకుండా. ఒక్క అడుగు వేస్తే ఆ తల మీద చెయ్యి పెట్టొచ్చు. వెయ్యకూడదు. వాసన మాత్రం పీల్చింది, చెమట, నెత్తురు, నది మట్టి, వాటన్నిటి అడుగున వాడు. గుండె నిండా పీల్చుకుని వెనక్కి తిరిగింది.

గడప దాటబోతుంటే వెనకనుంచి వినిపించింది.

"జర పైలం అమ్మా, ముంగట మెట్టున్నది."

ఎవరూ తల తిప్పలేదు. అందులో తిప్పేదేముంది, కూరగాయలమ్మేవాడు అంటాడు, బస్సులో చోటిచ్చేవాడు అంటాడు, ఏ ముసలామె కనబడినా ఈ ఊళ్ళో అనే మాటే కదా. ఎలిశిబా మెట్టు మీద కుడికాలు పెట్టింది, ఈడ్చకుండా, సరిగ్గా, వాడు చూస్తుంటాడని.

గేటు దగ్గర యేసమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. జహీరాబాదులో కాపురమున్న మనిషి, అక్కకు జబ్బు చేశాక వచ్చి ఉండిపోయింది. సొలొమోనును చంకనెత్తుకున్న రోజుల్లో చూసిందే. "మన పిలగాడేనా అక్కా?" అంది. జనార్దన్ సాగనంపడానికన్నట్టు వెనకే వచ్చి నిలబడి ఉన్నాడు.

"కాదు" అంది ఎలిశిబా.

యేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరూ రోడ్డు పట్టారు. దూరంగా గుడి గోపురం మీద సాయంత్రపు ఎండ ఉంది. యేసమ్మ ఏడుస్తూనే నడుస్తోంది, "నా కర్మ, వాడే అయ్యుంటె ఒకతీరు పరేషాన్, కాకుంటె ఒకతీరు పరేషాన్. యాడున్నడో, తిన్నడో లేదో" అని. ఎలిశిబా చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఎడ్లబండి ఒకటి దాటిపోయింది, దాన్ని కూడా పోనిచ్చింది. ఇప్పుడు రా. ఇప్పుడు ఎవరూ వినరు. పెదవులు ముందుకు పెట్టింది, నాలుకను పళ్ళ వెనక ఆనించింది, ఇందాక అంత సులువుగా లేచింది కదా. "కాదు" అంది. మళ్ళీ ప్రయత్నించింది. "కాదు, కాదు." యేసమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది. "తెలిసింది తియ్యక్కా, కాదని చెప్పినవ్ గద, ఎన్నిమార్లు చెప్తవు" అంది. అది కాదే పిచ్చిదానా. వాడు బతికి ఉన్నాడు. నది దాటి వచ్చాడు. అమ్మా అన్నాడు, నలుగురిలో, గట్టిగా, నన్ను అమ్మా అన్నాడు.

నోరు వదిలేసింది ఎలిశిబా. రోడ్డు మధ్యలో ఆగిపోయింది. యేసమ్మ రెండడుగులు ముందుకు పోయి, ఏమైందోనని వెనక్కి తిరిగింది. అక్క మొహం చూసి అలాగే నిలబడిపోయింది. అక్క నవ్వుతోంది. ఎండ పడుతున్న ఆ మొహంలో, తొమ్మిది నెలలుగా జారిపోయి ఉన్న కుడి పెదవి, ఎడమ పెదవికి సమంగా పైకి లేచి ఉంది.

"అక్కా..." అంది యేసమ్మ చాలా మెల్లిగా. అక్క భుజం మీదుగా వెనక గేటు వైపు ఒకసారి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వచ్చి, అక్క కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.